ఇప్పలదిబ్బ హాల్టు

జనగామ
18 జూన్ 2024

జానీమియాకు,

ఈ ఉత్తరం రాయకుండానే ఉండేవాణ్ణి. కాగితం తీశాను, పెన్ను మూత తీశాను, మళ్ళీ మూత పెట్టి మధ్యాహ్నం నిద్రపోయాను. లేచి చూస్తే కాగితం ఇంకా అక్కడే ఉంది. కిటికీ రెక్క కొట్టుకోకుండా ఎవరైనా దాన్ని మడిచి సందులో దోపుతారేమోనని రాస్తున్నాను. మా ఇంట్లో తెల్ల కాగితానికి అంతకు మించి మర్యాద లేదు.

ఫోను చేయవచ్చు కదా అనుకుంటావు. నీ దిబ్బ మీద టవరు లేదు, నాకు చెవులు లేవు. ఇరవై రెండేళ్ళు బస్టాండులో మైకు పక్కన కూర్చుని "తొర్రూరు బస్సు మూడో నంబరు" అని అరిచినందుకు ఫలితం. ఇప్పుడు ఇంట్లో ఎవరేం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తారు. మా కోడలు హిమజ రాసేవి మూడే మాటలు: తిన్నారా, మందు వేసుకున్నారా, జరగండి.

నేను ఏడో తరగతి దాటలేదని నీకు తెలుసు. మిగతా చదువంతా ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన పుస్తకాలదే. కొన్నిటికి మొదటి పేజీలు ఉండేవి కావు, కొన్నిటికి చివరివి. అందుకే నాకు చాలా కథల మొదలు తెలియదు, చాలావాటి ముగింపు తెలియదు. మధ్యలో మాత్రం గట్టివాణ్ణి.

అసలు సంగతికి వస్తాను. మా అబ్బాయి రమాకాంత్‌ను భూపాలపల్లికి వేశారు, బస్సుల నుంచి పడవలకు. గోదావరికి ఆనకట్ట కట్టాక వెనక్కి తన్నిన నీళ్ళు మూడు ఊళ్ళను దిబ్బలు చేసినై కదా. ఆ దిబ్బలకూ ఒడ్డుకూ తిరిగే ప్రభుత్వ పడవల సంస్థలో వాడిప్పుడు ఆఫీసరు. అంటే నువ్వు మావాడి ఇలాకాలో ఉన్నావు.

ఆ ఊరికి నిన్ను పంపింది నేనేనని మరిచిపోకు. పదకొండేళ్ళు నైట్ హాల్టు నీకే వేశాను. రాత్రి బస్సు ఇప్పలపల్లిలో, ఇప్పటి నీ దిబ్బలోనే, ఆపుకుని, బడి అరుగు మీద పడుకుని, తెల్లవారి మొదటి ట్రిప్పు తెచ్చేవాడివి. కంట్రోలరు నర్సింగరావు కక్ష కట్టాడని డిపో అంతా చెప్పుకున్నావు. ఏమైంది, అక్కడే హసన్ బీని చూశావు, నిఖా చేసుకున్నావు, రిటైరయ్యాక అక్కడే నాలుగెకరాలు కొన్నావు. నా కక్షలన్నీ ఇట్లా పూలు పూస్తాయి.

దిబ్బ మీద ఎట్లా ఉన్నారో రాయి. పడవ సరిగ్గా వస్తున్నదా?

నర్సింగరావు


ఇప్పలదిబ్బ
9 జులై 2024

రావు సాబ్‌కు జానీమియా సలాం.

మీ ఉత్తరం పడవ సంచిలో వచ్చింది. హసన్ బీకి చదివి వినిపించాను. కక్షలు పూలు పూస్తాయన్న దగ్గర ఆమె నవ్వలేదు.

పడవ వస్తున్నది. మనుషులంతా మన బస్సులవాళ్ళే. లోపల "చేతులు బయట పెట్టరాదు" అని రాసి ఉంది. కండక్టరు ఓదెలు విజిలు ఊది రైట్ రైట్ అంటేనే డ్రైవరు కదిలిస్తాడు. నీళ్ళ మీద ఎవరికి రైటో, ఎవరికి లెఫ్టో నాకు ఇంతవరకు తెలియలేదు.

సాయంత్రం ఆరున్నరకు చివరి ట్రిప్పు వస్తుంది. గుంజకు కట్టేసి వాళ్ళు బడి అరుగు మీద పడుకుంటారు, నేను పడుకున్న చోటే. పడవ హాల్టు చేసిందని ఊరివాళ్ళలో ఒకరు పుస్తకంలో సంతకం పెట్టాలి. సర్పంచి హనుమకొండకు వెళ్ళిపోయాక ఆ పని నాకు వచ్చింది. ఓదెలు రోజూ పుస్తకం పట్టుకుని ఇంటికే వస్తాడు. "జానన్నా, జర సంతకం పెట్టు. నువ్వు పెట్టకపోతే మేం పండుకున్నట్టు కాదు, రాత్రంత కూసున్నట్టే" అంటాడు.

నవ్వులాటకు రాశాను కానీ సంగతి పెద్దది. వరసగా మూడు రోజులు సంతకం లేకపోతే హాల్టు తీసేస్తారు. హాల్టు తీసేస్తే ఊళ్ళో ఎవరూ లేరని రాస్తారు. ఎవరూ లేని ఊరి భూమి ప్రాజెక్టు కింద పోతుంది. మా నాలుగెకరాలు మునగలేదు కనుక పరిహారం రాలేదు. మునగని భూమికి చేరే దారి ఈ పడవ ఒక్కటే. చేపల తెప్పల మీద మనుషులను ఎక్కించవద్దని ఆనకట్టవాళ్ళ ఆర్డరు ఉంది. పదకొండు ఇళ్ళకు నాలుగు మిగిలినై. కందులు వేశాను. నిమ్మచెట్లు ఈ ఏడు కాపుకు వచ్చాయి.

స్టీరింగు వదిలి పన్నెండేళ్ళయింది సాబ్. నాకు మిగిలిన నౌకరీ ఈ సంతకమే.

జానీమియా


జనగామ
24 ఆగస్టు 2024

జానీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నా నవ్వు నాకు వినబడదు కనుక ఎంత గట్టిగా నవ్వానో తెలియదు. హిమజ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా గుండె మీద చేయి వేసి చూసింది.

పోయిన ఆదివారం రమాకాంత్ వచ్చాడు. ఎప్పుడు వచ్చినా సెల్లు చూసుకుంటూ తిని, సెల్లు చూసుకుంటూ పడుకుంటాడు. ఈసారి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. పలక తీసుకుని ఒక ముక్క రాసి చూపించాడు. ఏం రాశాడో నీకెందుకులే, ఇంటి సంగతి. కానీ పదిహేనేళ్ళలో నా కొడుకు నన్ను ఒక మాట అడగడం అదే మొదలు. వాడు ఎంబీఏ, నేను ఏడో తరగతి. రెండు గంటలు చెప్పాను. వాడు రాసుకున్నాడు కూడా.

మూడు రోజుల రూలు అన్నావే, అది మొదట బస్సులకు పెట్టింది నేనే. రఘునాథపల్లి అవతల ఒక ఊరికి హాల్టు నష్టంలో నడిచేది. తీసేద్దామంటే ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన, రోజూ తలపాగా చుట్టుకుని వచ్చి మరీ సంతకం పెట్టేవాడు. జ్వరం వచ్చినా మంచంతో సహా మోయించుకుని వచ్చేవాడు. చివరికి బిడ్డ పెళ్ళికి పోయి మూడు రోజులు ఉండిపోయాడు. నాలుగో రోజు బస్సు లేదు. ఊరంతా ఆడామగా వచ్చి నన్ను తిట్టారు. అప్పట్లో నా చెవులు బాగా పనిచేసేవి, అదీ బాధ.

ఇక నీ పని. మన రిటైరైన స్టాఫు సంఘం డిసెంబరులో సన్మానం పెడుతున్నది, ముప్పై ఏళ్ళు ప్రమాదం చేయని డ్రైవర్లకు. నీ పేరు నేను చెప్పాను. ఎవరో గాడిద సంగతి ఎత్తారు. 1998లో నీ బస్సుకు ఆనుకుని చచ్చిన ఆ గాడిద. అది కింద పడలేదని, వయసు మీద పడి చచ్చిందని నాకు ఆ రోజే తెలుసు. ప్రమాదమని రాశాను. ఆ ఒక్క గీతతో నీకు మెడల్ రాకుండా పోయింది. ఎందుకు రాశానంటే చెప్పడానికి పెద్ద కారణం లేదు. ఆ పొద్దున చాయ్ చల్లగా ఉంది.

ఇప్పుడు దిద్దుతాను. డిసెంబరు తొమ్మిదిన నువ్వు రావాలి. ఆ రోజు సంఘంవాళ్ళ కంటి పరీక్షలు, మర్నాడు పాత రికార్డు తీయించి నీ ఎదుటే నేను కొట్టివేతకు రాసిస్తాను, పదకొండున సన్మానం. పన్నెండున వెళ్ళిపో. హసన్ బీని కూడా తీసుకురా. మా ఇంట్లోనే ఉండండి.

నర్సింగరావు


ఇప్పలదిబ్బ
5 అక్టోబరు 2024

రావు సాబ్‌కు సలాం.

మీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయడానికి చేయి ఆడలేదు. ఆ గాడిద సంగతి మీ నోట ఇరవై ఆరేళ్ళకు విన్నాను. అది మీరు తెలిసే రాశారని నాకు అప్పుడే తెలుసు. అడిగితే ఉన్న డ్యూటీ పోతుందని అడగలేదు. రిటైరైన రోజు దండ వేసి "మంచి డ్రైవరే గాని ఒక ప్రమాదం ఉంది" అని మైకులో చెప్పారు. హసన్ బీ ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆ మాట కొట్టివేస్తానంటే నేను నడిచైనా వస్తాను.

కానీ ఊళ్ళో ఇప్పుడు మేమిద్దరమే ఉన్నాం. దసరా రాకముందే మిగిలిన మూడు ఇళ్ళూ ఖాళీ అయ్యాయి. నేను వస్తే సంతకం ఎవరు పెట్టాలి? హసన్ బీకి వేలిముద్రే తెలుసు. వేలిముద్రకు సాక్షి కావాలట. ఇద్దరమూ వద్దామంటే ఏడు మేకలున్నాయి, కోళ్ళున్నాయి.

మీరు రాసిన ఆ తలపాగా ఆయన కథ విని ఆమె భయపడింది. "గీయిన మనల్ని గూడ గట్లనే జేస్తడేమో" అన్నది. నేను కోప్పడ్డాను. "సాబ్ ఏదన్న జెయ్యాలనుకుంటే గా కథ మనకెందుకు రాస్తడే" అన్నాను. "నీ నోట్లె వేలు వెడితె గూడ కొరకవు నువ్వు" అన్నది.

రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం చేశాను. ఆమెకు సంతకం నేర్పుతున్నాను. బొగ్గుముక్కతో కోళ్ళగూడు గోడ మీద రాయిస్తున్నాను. అరవై రెండేళ్ళ చేయి, కొడవలి పట్టిన చేయి. మొదటి రోజు బొగ్గు విరిగింది, రెండో రోజు గోడ పెళ్ళ ఊడింది. "బస్సు నేర్పినా గింత తిట్లు దినకపోతుంటి" అన్నాను. "బస్సు నేర్పి సూడు, గాడిదను నిజంగనే గుద్దిస్త" అన్నది.

ఆమె సంతకం నేర్చుకుంటే నేను వస్తాను. మీరే చెప్పండి, ఇది చెల్లుతుందా?

జానీమియా


జనగామ
20 అక్టోబరు 2024

జానీ,

హసన్ బీకి నా నమస్కారం చెప్పు. నేను కూడా ఇరవై నాలుగేళ్ళ వయసులో వేసవంతా బస్టాండు వెనక గోడ మీదే చేతిరాత దిద్దుకున్నాను. ఆ గోడ మీద మర్నాటికి సినిమా పోస్టరు అతికించేవాళ్ళు. నా మొదటి నూరు సంతకాలు హీరోయిన్ల వీపుల వెనక ఉన్నాయి. ఇప్పుడు ఆ గోడా లేదు. అక్కడ సెల్లుఫోన్ల దుకాణం.

నువ్వు అడిగి మంచి పని చేశావు. సంతకం చెల్లుతుంది, కానీ ఒక మెలిక ఉంది. పుస్తకంలో ఎవరు సంతకం పెడతారో వాళ్ళ నమూనా ముందే భూపాలపల్లి ఆఫీసులో ఉండాలి. అది లేకపోతే ఎవరు పెట్టినా గీత గీసినట్టే లెక్క. ఒక తెల్ల కాగితం మీద మూడుసార్లు సంతకం చేయించు. కింద నువ్వు సాక్షి సంతకం పెట్టు. ఓదెలు చేతికిస్తే ఎక్కడో పారేస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు. నా పేరున పోస్టు చెయ్యి. రమాకాంత్ ఆదివారం వస్తాడు కదా, చేతిలో పెడతాను. తండ్రి ఇచ్చిన కాగితం కనుక మర్నాడే ఫైలులోకి పోతుంది.

రికార్డు రూములో మనిషితో మాట్లాడాను. 1998 పుస్తకాలకు చెదలు పట్టాయట, కానీ మన పేజీ బాగానే ఉందట. చెదపురుగులకు కూడా గాడిద రుచించలేదు.

నర్సింగరావు


ఇప్పలదిబ్బ
12 నవంబరు 2024

రావు సాబ్‌కు సలాం.

కాగితం ఇందులో పెట్టాను. మూడు సంతకాలలో మొదటిది వంకర, రెండోదానికి సిరా ఎక్కువైంది. మూడోది బాగుంది. మూడోది పెట్టాక ఆమె కాగితం నాకివ్వలేదు. ఎండలో పట్టుకుని కాసేపు చూసుకుంది. "గిది నేనే రాసిన్నా" అని అడిగింది. నువ్వే అన్నాను. "గట్లయితె గిది ఇంట్ల పెట్టి ఇంకోటి పంపుదాం" అన్నది. బతిమాలి తీసుకున్నాను.

తొమ్మిదిన మొదటి ట్రిప్పుకు బయలుదేరుతాను. పాత ఖాకీ చొక్కా ఉతికి ఆరేశాను. మెడ దగ్గర వదులైంది. ఓదెలుకు చెప్పాను, మూడు రోజులూ అక్కతో పెట్టించుకొమ్మని. "అక్క సంతకం పెడితె నేను లేసి నిలవడి తీసుకుంట" అన్నాడు.

కాగితం అందగానే ఒక కార్డు ముక్క రాయండి. అది వస్తేనే ఆమె నన్ను కదలనిస్తుంది.

జానీమియా


జనగామ
25 నవంబరు 2024

జానీ,

కాగితం అందింది. రమాకాంత్ నిన్న వచ్చాడు. పని అయిపోయినట్టే అనుకో. నిశ్చింతగా బయలుదేరు. చలిగా ఉంది, మఫ్లరు తెచ్చుకో.

నర్సింగరావు


దంతాలపల్లి, మహబూబాబాద్ జిల్లా
28 డిసెంబరు 2024

నర్సింగరావు గారికి,

నేను దిబ్బకు చేరలేదు. పైన ఊరి పేరు చూసి మీకు అర్థమయి ఉంటుంది. హసన్ బీ తమ్ముని కొడుకు అకీల్‌కు ఇక్కడ రోడ్డు మీద పంచర్ల దుకాణం ఉంది. దుకాణం వెనక గదిలో ఉన్నాం.

పన్నెండున మధ్యాహ్నం పడవల ఘాటుకు వచ్చాను. మీరు కప్పిన శాలువా భుజం మీదే ఉంది. ఆమెకు అట్లాగే కనబడాలని దారంతా తీయలేదు. టికెట్ల రేకు షెడ్డు కింద ఆమె ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది. మొదట నా కోసం ఎదురొచ్చిందనుకున్నాను.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మూడు సాయంత్రాలూ ఓదెలు పుస్తకం తెచ్చాడు. మూడుసార్లూ ఆమె దీపం పెట్టుకుని సంతకం చేసింది. నాలుగో రోజు పొద్దున ఒడ్డుకు పోయి తిరిగొచ్చిన పడవలో ఆఫీసు నుంచి రాకేశ్ అనే క్లర్కు వచ్చి, ఇదే ఆఖరి ట్రిప్పు, ఎక్కమన్నాడు.

"మూడు దినాలు సంతకం వెట్టిన గద బిడ్డా. ఓదెలును అడుగు" అన్నది ఆమె.

"నీ నమూన మా ఆఫీసుల లేదమ్మా. గా సంతకాలు ఎవరియో మాకెట్ల తెలుస్తది?"

"ఎవరియో ఏంది? దిబ్బ మీద నేనొక్కదాన్నే ఉన్న గద."

"గదే రాసినం. ఎవ్వరు లేరని."

ఓదెలు తల దించుకుని నిలబడ్డాడట. ఆమె ఎక్కనన్నది. ఆయన వచ్చినంక మాట్లాడుకోండ్రి అన్నది. ఆయన రావడానికి పడవ ఉండదు అన్నాడు ఆ పిల్లవాడు. అప్పుడు ఎక్కింది. ట్రంకు ఒకటి ఎక్కించనిచ్చారు. మేకలకు అనుమతి లేదన్నారు. గుంజల నుంచి ఏడింటినీ విప్పి వచ్చింది. కందులు కోతకు ఉన్నాయి.

నేను ఆఫీసుకు పోయాను. రమాకాంత్ సారు మీటింగులో ఉన్నారన్నారు. మూడు రోజులు పోయాను, మూడు రోజులూ మీటింగే. నాలుగో రోజు రాకేశ్ ఫైలు తీసి చూపించాడు. మంచి పిల్లవాడే. నా నమూనా ఉంది, పాత సర్పంచిది ఉంది. ఆమెది లేదు.

మిమ్మల్ని ఒక్క మాటే అడుగుతున్నాను. ఆ కాగితం మీరు ఇచ్చారా, లేదా? పోస్టులో పోయిందని రాయకండి. అందిందని మీ కార్డు నా దగ్గర ఉంది.

జానీమియా


జనగామ
20 జనవరి 2025

జానీ,

ఇవ్వలేదు.

ఈ ఒక్క ముక్క రాసి పంపేద్దామనుకున్నాను. కానీ నా అలవాటు నీకు తెలుసు, మొదలుపెడితే ఆగను.

ఆగస్టులో నా కొడుకు పలక మీద ఏం రాశాడో నీకు చెప్పలేదు. "బాపూ, ఇప్పలదిబ్బ హాల్టు ఎట్ల తీస్తరు?" అని రాశాడు. అంతే. ఏడాది లోపల ఒక నష్టం రూటు మూసినవాడికి హైదరాబాదు పోస్టింగు ఇస్తారట. వాడి ఎంబీఏలో అది నేర్పలేదు. నాకు తెలుసు. ఆ పలకను నేను మూడు రోజులు తుడవనివ్వలేదు. హిమజ తిన్నారా అని గోడ మీది క్యాలెండరు వెనక రాసి చూపించింది.

నువ్వు లేకుండా చేయాలంటే నిన్ను కదిలించాలి. నిన్ను కదిలించేది లోకంలో ఒకటే ఉందని నాకే తెలుసు, ఎందుకంటే దాన్ని నీకు లేకుండా చేసింది నేను. హసన్ బీ సంతకం సంగతి వచ్చినప్పుడు మాత్రం కొంచెం తడబడ్డాను. నమూనా రూలు అప్పుడు గుర్తొచ్చింది. రమాకాంత్‌కు కూడా అది తెలియదు. ఆ రాత్రి వాడికి చెబితే నా భుజం తట్టాడు. ఇది నేను నీకు గొప్పకు చెప్పడం లేదు. తట్టాడు కనుక తట్టాడని రాస్తున్నాను.

నువ్వు మా ఇంట్లో ఉన్న మూడు రోజులూ ఆ కాగితం నీ వెనక బీరువాలో ఉంది. నువ్వు ఉప్మా తింటూ దిబ్బ మీది నిమ్మకాయల గురించి చెబుతున్నావు. నీ పెదవులు చూస్తూ తలాడించాను. రెండో సాయంత్రం ఒకసారి లేచి బీరువా దాకా పోయాను. అప్పటికి ఇంకా వేళ మించలేదు, ఫోనులో ఫొటో తీసి పంపినా సరిపోయేది. బీరువా తెరిచి మఫ్లరు తీసుకుని వచ్చి కూర్చున్నాను.

నీకు నేను చెప్పకుండా చేయలేదు. తలపాగా ఆయన కథ ముందే రాశాను. నీ భార్యకు అర్థమయింది, నీకు కాలేదు. ఇందులో నా తప్పు ఎంతో నువ్వే లెక్క కట్టుకో.

రికార్డు సంగతి కూడా చెప్పేస్తాను. నీ ఎదుట నేను రాసిచ్చిన కొట్టివేత కాగితం ఎవరూ తీసుకోలేదు. రిటైరైనవాడి చేతిరాతకు విలువ లేదన్నారు. గాడిద పుస్తకంలో అట్లాగే ఉంది. శాలువా మాత్రం అసలైనదే, నేనే కొన్నాను.

రమాకాంత్‌కు హైదరాబాదు వచ్చింది. హిమజను కూడా తీసుకుపోయాడు. పోయేటప్పుడు పలక మీద ఏమీ రాయలేదు. గుమ్మంలో నిలబడి చేయి ఊపాడు, నేనూ ఊపాను. ఒక వంటమనిషిని పెట్టారు. ఆమెకు చదువు రాదు. ఏదైనా చెప్పాలంటే వచ్చి ముందు నిలబడుతుంది. నేను ఏదో ఒకటి అనుకుని సరే అంటాను.

నీ భార్య కాగితం ఇందులో పెట్టాను. ఇంట్లో పెట్టుకుంటానన్నది కదా.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు క్షమిస్తావు, నీ గుణం అది. అప్పుడు ఇంకా పాడుగా ఉంటుంది. తిట్టి రాయి.

నర్సింగరావు


దంతాలపల్లి
2 మార్చి 2025

నర్సింగరావు గారికి,

మీ ఉత్తరం వచ్చింది. కాగితం హసన్ బీకి ఇచ్చాను. చూసి పొయ్యిలో పెట్టింది. దాని మీద చాయ్ కాచింది. "ఏమన్న రాస్తవా ఆయినకు" అని అడిగాను. "నాకు రాయొస్తదా" అన్నది.

పోయిన వారం తహసీలు నుంచి కాగితం వచ్చింది. ఇప్పలదిబ్బలో ఎవరూ నివాసం లేరని, అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లో ఆ గ్రామంలో ఉంటూ దరఖాస్తు ఇవ్వాలని ఉంది. అకీల్ రెండుసార్లు చదివి, "మామా, గా గ్రామంల ఉంటె గీ కాయితం ఎందుకొస్తది" అన్నాడు. దరఖాస్తు ఇవ్వలేదు. మేకల సంగతి తెలియదు.

తిట్టి రాయమన్నారు. నేను రాయను. ఇరవై రెండేళ్ళు మీరు వేసిన డ్యూటీ చేశాను. ఇది చేయను. దీని తర్వాత ఉత్తరం వస్తే తెరవకుండా పోస్టుమన్‌కే ఇస్తాను. ఆయనకు చెప్పి ఉంచాను.

మొన్న బుధవారం పొద్దున దుకాణం ముందు పెద్ద లారీ ఆగింది. దాని మీద మన పడవ ఉంది, తాళ్ళతో కట్టి. ఓదెలు దిగాడు. పడవను సాగర్‌కు తీసుకుపోతున్నారట, అక్కడ చూడవచ్చినవాళ్ళను తిప్పడానికి. దారిలోనే కదా, చూస్తానేమోనని ఆపించాడట. హసన్ బీని పిలిచాను, రాలేదు. ఓదెలు చాయ్ తాగాడు. లారీ చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. ఎడమ వైపు వెనక టైరులో గాలి తక్కువ ఉంది. కొట్టి పంపాను.

జానీమియా